గోడల కంటే ముందు వాకిలి

జూన్ 9, సోమవారం

పునాది అయిపోయింది. చార్టులో మూడో గడికి పచ్చరంగు వేశాను. పన్నెండు గడుల్లో మూడు. ఆగస్టు మొదటి వారానికి కోల్డ్ రూమ్ నడవాలి. శ్రావణంలో పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం, గులాబీకి అంతకుమించిన రోజులు లేవు. హోసూరు పక్క బేరిగైలో పదకొండు కుటుంబాలు కలిసి కట్టుకుంటున్న గది. స్థలం పెదనాయనది. ప్రాజెక్టు మేనేజరు నేను.

మేనేజరు! రాసి చూసుకుంటే నవ్వొస్తోంది. హోసూరు ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు ప్లానింగు సీట్లో కూర్చున్నాను. అక్కడ ఫలానా రోజు నట్టు రావాలంటే నట్టు వచ్చేది. ఇక్కడ నట్టు కాదు, మనుషులు రావాలి. మొదటి మీటింగులో పెదనాయన లేచి నిలబడి అందరి ముందూ అన్న మాట ఇంకా చెవుల్లో ఉంది — "మా భాగ్య చూసుకుంటాది. తప్పు జరిగితే నన్ను అడగండి." నన్ను ఒక్క మాట అడగలేదు.

జూన్ 11

కోల్డ్ రూమ్ గోడల ప్యానెళ్లు ఆలస్యం. కంపెనీవాళ్లు "తప్పకుండా" అంటున్నారు. ఎప్పుడని అడిగితే మళ్లీ "తప్పకుండా".

జూన్ 13, శుక్రవారం

కృష్ణగిరి. కరెంటు కనెక్షన్ సంతకం కోసం. చార్టులో దీనికొక్కదానికే ఎర్రరంగు వేసి పెట్టుకున్నాను, నెల పడుతుందని. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, జిరాక్సులు మూడు సెట్లు... యుద్ధానికి పోయినట్టు పోయాను. పది నిమిషాల్లో సంతకం అయిపోయింది. ఆ అధికారి కాగితం చదివి, రోజాపూలకా, మంచిదమ్మా అని తమిళంలో అన్నాడు, అంతే. మిగతా రోజు ఏం చేయాలో తోచలేదు. బస్టాండు బయట ఉప్పూ కారం చల్లిన మామిడి ముక్కలు కొనుక్కుని నిలబడి తిన్నాను.

భయపడింది జరగలేదంటే సంతోషించాలి కదా. సంతోషం రావడం లేదు. నేను భయపడనిది ఏదో ఎక్కడో కూర్చుని ఉందని అనుమానం.

జూన్ 16, సోమవారం

మీటింగు. పెదనాయన గులాబీలు పెంచే పాలీహౌస్ పక్క రేకుల షెడ్డులో. చార్టు గోడకు అంటించి ఒక్కో గడీ చదువుతున్నాను. అందరూ తల ఊపుతున్నారు. "జూలై రెండు, కోల్డ్ రూమ్ ముందుండే ప్యాకింగ్ హాలుకు వాకిలి నిలపడం" అన్నాను. తలలు ఆగిపోయాయి. అందరూ పెదనాయన వైపు చూశారు. ఆయన కండువా తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు.

"ఆషాడంలోనా?"

పూలు చల్లగా పెట్టుకునే గదికి కూడా ఆషాఢం ఉంటుందా అని అడిగాను. నవ్వుతూనే అడిగాను.

"వాకిలి వాకిలే గదా పాపా."

ఎవరైనా గట్టిగా వద్దంటే వాదించేదాన్ని. వద్దని ఒక్కరూ అనలేదు, సరే అని కూడా అనలేదు. మీటింగు నోట్సులో ఏం రాయాలి? "చర్చించారు" అని రాశాను. ఎవరు చర్చించారో దేవుడికే తెలియాలి.

జూన్ 17

సరే. ఆషాఢం జూలై ఇరవై నాలుగుతో పోతుంది. వాకిలి ఇరవై అయిదుకు జరిపాను. ప్యానెళ్లకు ఎలాగూ ఆలస్యమే, కాస్త బిగిస్తే ఆగస్టుకు అందుకోవచ్చు. నా తెలివికి నేనే మెచ్చుకుని సెల్వం మేస్త్రీకి ఫోను చేశాను. మేస్త్రీది సామల్పట్టి, పనివాళ్లందరూ ఆ పక్కవాళ్లే. నాతో తెలుగులోనే మాట్లాడతాడు.

"ఇరవై అయిదా? అప్పుడు ఆడి గదా మేడమ్. పదిహేడుకే ఆడి పుడతాది. ఆడిలో వాసక్కాల్ మావాళ్లు ముట్టరు. ఆవణి రానీండి."

వాసక్కాల్ అంటే వాకిలే, ద్వారబంధం. ఆవణి నెల పుట్టేది ఆగస్టు పదిహేడుకు.

మా వంటింట్లోనే రెండు క్యాలెండర్లున్నాయి. ఫ్రిజ్ పక్కన రోజుకొక కాగితం చింపే తమిళ క్యాలెండరు, తలుపు వెనక అమ్మ ఇచ్చిన తెలుగు పంచాంగం. పుట్టినప్పటి నుంచీ రెండూ చూస్తూ పెరిగినదాన్ని. మా ఆషాఢం వేరు, వాళ్ల ఆడి వేరని ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను చార్టు వేసేటప్పుడు మాత్రం ఆదివారాలు తప్ప ఏమీ చూడలేదు.

జూన్ 18

ఆషాఢం: జూన్ 26 నుంచి జూలై 24. ఆడి: జూలై 17 నుంచి ఆగస్టు 16. ఒకదాని తోక మీద ఇంకొకటి. మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఏడు వారాలు. రైతులు పెట్టమంటే మేస్త్రీ పెట్టడు, మేస్త్రీ పెడతానంటే రైతులు ఒప్పుకోరు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఫ్యాక్టరీలో ఉండగా చేసిన మేనేజ్‌మెంట్ కోర్సులో రిస్కుల జాబితా రాయించారు. వాన, సమ్మె, సామాను ఆలస్యం. అన్నీ రాశాను. మార్కులు కూడా బాగా వచ్చాయి.

జూన్ 20, శుక్రవారం

నాగమ్మత్త గులాబీ తోట దగ్గరకు పోయాను. మా పదకొండిళ్లలో ఆమెదొకటి. అర ఎకరం, మనిషి ఒక్కతే. ముళ్లు గీరుకోకుండా మొగుడి పాత చొక్కా వేసుకుని పూలు కోస్తోంది. నా గోడు మొత్తం విని కత్తెర ఆపకుండానే —

"నిలిపేదే గదమ్మా తప్పు? నిలిపినాక పని చేస్తే తప్పేముండాది? మొదలైన పనిని ఏ మాసమూ ఆపదు. ఈ వారంలోనే నిలిపేయండి."

"గోడలే లేవత్తా. ఒట్టి పునాది ఉంది."

"పూజ గోడలకా చేసేది?"

మేస్త్రీని అడిగాను. ముందే నిలిపేస్తే ఆడిలో గోడ కట్టడానికి అడ్డం లేదన్నాడు. పెదనాయనను అడిగాను. రాయకోటలో వాకిళ్లు చేసే వడ్రంగి ఆచారికి తనే ఫోను చేశాడు. మొత్తం అరగంట పట్టలేదు. నేను నాలుగు రోజులుగా నిద్ర లేకుండా... అసలు మేనేజరు ఎవరో నాకు తెలియడం లేదు.

జూన్ 23, సోమవారం

వాకిలి నిలిపాము.

ఆచారి ఆయం, అంటే వాస్తు కొలత, చూసి వేపకట్టెతో చేసుకొచ్చాడు. పునాది మీద నాలుగు వైపులా కట్టెలు ఆనించి నిలబెట్టారు. చుట్టూ గోడ లేదు, పైన కప్పు లేదు. పసుపు, కుంకుమ, మామిడాకుల తోరణం. కింద నవధాన్యాలు వేసి పెదనాయన, పెద్దమ్మ టెంకాయ కొట్టారు. తర్వాత అందరూ ఒకరి వెనక ఒకరు ఆ వాకిట్లోంచే లోపలికి పోయి, అందులోంచే బయటికి వచ్చారు. పక్కన అంత ఖాళీ ఉన్నా ఒక్కరూ చుట్టూ తిరిగి రాలేదు. సెల్వం మేస్త్రీ కూడా చెప్పులు విడిచి వచ్చాడు. నేనూ తల వంచి దాటాను. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాలుగో గడి, పచ్చ. ఇంత ఇష్టంగా ఏ గడికీ రంగు వేయలేదు.

జూన్ 27

పొలం మధ్యలో వాకిలి ఒక్కటే నిలబడి ఉంది. ఇవాళ ఒక మేక దాని పక్క నుంచి దర్జాగా లోపలికి పోయింది. మేకకు ఆషాఢం లేదు.

జూలై 5

ప్యానెళ్లు రాలేదు. గట్టిగా మాట్లాడాను. బతిమాలాను. మళ్లీ గట్టిగా మాట్లాడాను. శీను అంటాడు, రెండిట్లో ఏదో ఒకటి చెయ్యి, వాళ్లకు తికమకగా ఉంటుంది అని. వాళ్లకేనా? అయినా మొగుళ్లు సలహా ఇవ్వడానికి ఫీజు లేదు కాబట్టి...

జూలై 9

ఫోను చేయడం మానేశాను. విసుగొచ్చి.

జూలై 10

ప్యానెళ్లు వచ్చేశాయి! ఇందులోంచి నేను నేర్చుకోవలసింది ఏమిటి?

జూలై 28, సోమవారం

రాయడానికి తీరిక లేదు. ఆషాఢం పోయింది, ఆడి నడుస్తోంది, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ప్యాకింగ్ హాలు గోడలు లేచాయి. వాకిలి చుట్టూ ఇటుక కట్టేశారు. ఇప్పుడు చూస్తే మామూలు వాకిలి. హాలుకు అదొక్కటే దారి. హాలు లోపలి నుంచి కోల్డ్ రూమ్ తలుపు, కంపెనీ తలుపు, నాలుగడుగుల వెడల్పు. కంప్రెసరు గురువారం వస్తుంది.

పెదనాయన రోజూ పొద్దున వచ్చి చూసి పోతాడు. ఇవాళ గోడ మీద చెయ్యి పెట్టి "అవుతాదిలే" అన్నాడు. ఆయన నోట అది పెద్ద మెచ్చుకోలు. ఇంటికి పోతూ స్కూటరు మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆగస్టు 4, సోమవారం

గది నాలుగు డిగ్రీలకు దిగింది. నాగమ్మత్త లోపలికి పోయి చలికి కొంగు కప్పుకుని బయటికి రానంది. అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం బెంగళూరు కొనుగోలుదారు ట్రాలీలు పంపాడు. బకెట్లతో సహా పూలు ట్రాలీల్లోనే ఉండాలి. కోల్డ్ రూమ్ నుంచి నేరుగా లారీలోకి, లారీ నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకు. ఎక్కడా చెయ్యి తగలకూడదు. అందుకే కదా ఈ గది కట్టుకున్నది.

మొదటి ట్రాలీ వాకిట్లో ఆగిపోయింది.

వెనక్కి లాగి మళ్లీ తోశారు. పక్కకు తిప్పి చూశారు. మేస్త్రీ టేపు తీశాడు. వాకిలి ముప్పైతొమ్మిది అంగుళాలు. ట్రాలీ నలభైరెండు.

ఎవరూ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఆగస్టు 5

ట్రాలీ కొలత మే నెల నుంచి నా మెయిల్లో ఉంది. ఇప్పుడే తెరిచి చూశాను. వెడల్పు, పొడవు, ఎత్తు, చక్రాలతో సహా. ఫ్యాక్టరీలో వెంట్రుకంత తేడా వచ్చినా పెట్టె వెనక్కి పంపించేదాన్ని. ఆ రోజు ఆచారి వాకిలి తెచ్చినప్పుడు పక్కనే నిలబడి ఉన్నాను. చేతిలో టేపు లేదు, పసుపు గిన్నె ఉంది. ఆయం చూసి చేశాడని వినగానే ఇంక కొలత ఎందుకనుకున్నానేమో. ఏమో, అనుకున్నానో లేదో కూడా గుర్తు లేదు. మంచి రోజు దొరికిందన్న సంతోషంలో ఉన్నాను.

ఈ మెయిలు సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 6, బుధవారం

మొదటి పూలు పోయాయి. ట్రాలీలు బయటే లారీ దగ్గర నిలబెట్టి, ఇళ్ల ఆడవాళ్లందరూ వాకిలి నుంచి లారీ దాకా వరస కట్టారు. బకెట్టు చేతి నుంచి చేతికి. నేనూ వరసలో నిలబడ్డాను, నాగమ్మత్త తర్వాత. రెండు గంటలు. చేతులు పడిపోయాయి. లారీ కదిలినప్పుడు ఎవరో ఈల వేశారు.

ఆగస్టు 8, శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం

పూజ చేసుకుని బేరిగై పోయాను. పోయిన ప్రతి ఇంట్లో తాంబూలం, ప్రతి ఇంట్లో మెచ్చుకోలు. "ఇల్లు కట్టి చూడు అంటారు, మా భాగ్య కట్టి చూపించింది" అని పెద్దమ్మ. చార్టులో పన్నెండు గడులూ పచ్చ. శీను కొత్త చీర తెచ్చాడు. ప్రాజెక్టు సక్సెస్ అట.

సక్సెసేనా? చీర బాగుంది. మనసు బాగాలేదు.

ఆగస్టు 10, ఆదివారం

వరస ఒకరోజుకు బాగుంటుంది, రోజూ ఎవరొస్తారు? పొద్దున ఎవరి కోత వాళ్లకుంది. నిన్న ఆరుగురు వచ్చారు, ఇవాళ నలుగురు. బకెట్లు చేతులు మారేటప్పుడు రెక్కలు నలుగుతున్నాయి. కొనుగోలుదారు ఫోటో పంపాడు, అంచులు నల్లబడిన పూలు. పద్దెనిమిదో తేదీ నుంచి ట్రాలీలు లోపలికి పోకపోతే లారీ ఇంకో ఊరికి పంపుతానన్నాడు. మర్యాదగానే అన్నాడు.

సాయంత్రం మీటింగు. వాకిలి పీకి వెడల్పు చేయాలని కొందరు. నిలిపి పూజ చేసిన వాకిలి ముట్టేది లేదని కొందరు. ఈసారి నిజంగానే చర్చించారు. నాగమ్మత్త కూడా వద్దనే పక్షం, నేను అనుకోలేదు.

"నిలిపిన వాకిలి పీకితే కూడిన ఇల్లు రెండవతాదని మా అత్త చెప్తా ఉండె. ఇది పదకొండు ఇండ్లమ్మా."

"పూలు మాడిపోతే పదకొండూ పోతాయి గదా" అని వెనక నుంచి ఎవరో.

లేచేటప్పుడు పెదనాయన "నిలిపింది నేను గదా, ఆలోచిస్తాను" అన్నాడు.

ఆగస్టు 12

శీను అడిగాడు — వేరే పక్క గోడ కొట్టి ఇంకో దారి పెట్టొచ్చు కదా? పెట్టొచ్చు, ఖాళీ ఉంటే. ఒక పక్క కోల్డ్ రూమ్, ఒక పక్క ట్రాన్స్‌ఫార్మర్, ఒక పక్క వేరేవాళ్ల పొలం. మిగిలింది ఆ వాకిలే. శీను కాఫీ తాగేసి ఆఫీసుకు పోయాడు.

పెదనాయన ఏదో ఒకటి చెబితే బాగుండు. పీకమంటే పీకిస్తాను, వద్దంటే వరస కట్టిస్తాను. ఆయన మాట కోసం రోజూ సైటు దగ్గర కాచుకుని ఉంటున్నాను. ఆయన వస్తాడు, చూస్తాడు, పోతాడు.

ఆగస్టు 13, బుధవారం

ఇవాళ పెదనాయన టేపు తెచ్చుకున్నాడు. నేను హాలు లోపల ఉన్నాను, చూడలేదు ఆయన. వాకిలి కొలిచాడు. ట్రాలీ కొలిచాడు. మళ్లీ వాకిలి కొలిచాడు, ఈసారి మెల్లగా, ఎక్కడైనా మూడంగుళాలు దాక్కుని ఉన్నాయేమో అన్నట్టు. టేపు జేబులో పెట్టుకుని, గడపకు పూసిన పసుపు వేలితో తాకి, బండెక్కి పోయాడు.

డెబ్బై ఏళ్ల మనిషి. పిలవాలనిపించింది. పిలిచి ఏం చెప్పాలి?

ఆగస్టు 15

జెండా వందనానికి పోయి వచ్చేసరికి సెల్వం మేస్త్రీ ఫోను.

"మేడమ్, పెద్దాయన నన్ను ఆదివారం రమ్మన్నాడు. ఆవణి మొదటి రోజు గదా, మావాళ్లకూ అడ్డం లేదు. గోడ కోసే కటరు తెచ్చుకోమన్నాడు. మీకు చెప్పొద్దన్నాడు. నాకు మనసు ఒప్పలేదు, అందుకే చెప్తాండా."

నాకెందుకు చెప్పొద్దన్నాడని అడిగాను.

"'పాప పేరు రాకూడదు. నేనే పీకించినానని చెప్తాను, అననీ నన్నే' అన్నాడు."

ఆగస్టు 16, శనివారం

పొద్దుటి నుంచి ఏ పనీ తోచడం లేదు. అన్నం మాడింది.

ఆయన మాట కోసం నేను కాచుకుని ఉంటే, ఆయన నా పేరు రాకుండా కాచుకుని ఉన్నాడు. తన చేత్తో టెంకాయ కొట్టి నిలిపిన వాకిలి తన నోటితోనే పీకమంటే... రేపటి నుంచి ఊళ్లో ఆయనను ఏమంటారో నాకు తెలుసు. లాభం కోసం పూజ వాకిలి పీకినాడని అంటారు. ఏ ఇంట్లో ఏ చిన్న కష్టం వచ్చినా ఆ వాకిలి మీదికే పోతుంది. పదకొండు కుటుంబాలను ఒక చోట కూర్చోబెట్టడానికి ఆయనకు మూడేళ్లు పట్టింది.

నేను ముందుగా చెప్పేస్తే? తప్పు వాకిలిది కాదు, ఆయం లెక్కది కాదు, ఆచారిది కాదు. కొలత నా దగ్గర పెట్టుకుని నేను చూడలేదు, పీకించేది నేనే, అనండి నన్ను. నిజం కూడా అదే. చెబితే బరువు దిగుతుంది, నాకు. కానీ ఆయన మొదటి మీటింగులో అందరి ముందూ లేచి నిలబడి అన్నది నా గురించే కదా. నేను నా తప్పు ఒప్పుకుంటే ఆయన మాట పోతుంది. ఒప్పుకోకపోతే ఆయన పరువు పోతుంది. ఎటు తిరిగినా ఆయనదే పోతోంది, నాది కాదు. ఈ లెక్క నాకు తెగడం లేదు.

శీనును అడిగాను. "రేపు నేను కూడా రానా?" అన్నాడు. వద్దన్నాను.

ఆగస్టు 17, ఆదివారం, సైటు దగ్గర

ఆరున్నర. స్కూటరు మీద కూర్చుని రాస్తున్నాను. అందరికంటే ముందు వచ్చాననుకున్నాను, కాదు. పెదనాయన అప్పటికే ఉన్నాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు, పెళ్లికి పోయేవాడిలా. నన్ను చూసి కంగారుపడ్డాడు.

"నువ్వేంటికి వచ్చినావు ఈడికి? పో పాపా, ఇంటికి పో."

పోలేదు.

మేస్త్రీ ఎలా దాచగలడు, ఊరంతా తెలిసిపోయినట్టుంది. నాగమ్మత్త వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు గట్టు మీదుగా వస్తున్నారు. వాకిలికి కొంచెం దూరంలో నిలబడుతున్నారు. పెదనాయన స్టూలెక్కి తోరణం విప్పుతున్నాడు. ఎండిన ఆకులు రాలకుండా ఒక్కొక్కటీ కండువాలో వేస్తున్నాడు. మేస్త్రీ కటరుకు వైరు తగిలించి ఆయన వైపు చూస్తున్నాడు. స్టూలు దిగగానే ఆయన అందరి వైపూ తిరుగుతాడు, తిరిగి మాట్లాడతాడు.

అంతకంటే ముందు నేను మాట్లాడాలి. "కొలత నా దగ్గరే ఉండింది" — ఇంతవరకూ నోట్లోకి వచ్చింది. దాని తర్వాతి మాట రావడం లేదు. ఇంకా రెండు ఆకులున్నాయి...